సి మేజర్ ప్రెల్యూడ్ (బాఖ్): కార్డులతో అల్లిన ఉపక్రమం, దాని వ్యాఖ్యానం, వాదన

యొహాన్ సెబాస్టియన్ బాఖ్ (1685–1750) కూర్చిన ‘ది వెల్-టెంపర్డ్ క్లావియర్’ మొదటి సంపుటంలోని తొలి రచన సి మేజర్ ప్రెల్యూడ్. బాఖ్ రచనల జాబితాలో దీని సంఖ్య బి.డబ్ల్యు.వి. 846. తరువాత వచ్చే ఫ్యూగ్‌కు ఇది ఉపక్రమం. 35 బార్ల ఈ చిన్న రచనలో పాడుకోదగిన పల్లవి లాంటి రాగపంక్తి ఏదీ లేదు. కలిసి మోగవలసిన స్వరాల గుచ్ఛాలను, అంటే కార్డులను, విడదీసి ఒక్కొక్క స్వరంగా మీటుతూ పోవడమే దీని పద్ధతి. అలా విడదీసి వాయించడాన్ని ఆర్పెజియో అంటారు. పియానో నేర్చుకునేవారికి తొలి ఏళ్లలోనే చేతికొచ్చే రచన కావడంతో దీన్ని సులువైనదిగా లెక్కిస్తారు. స్వరాలు వాయించడం వరకు అది నిజమే. ఏ స్వరాన్ని ఎంతసేపు పట్టి ఉంచాలి, ఎంత వేగంతో నడపాలి, ఎక్కడ గట్టిగా ఎక్కడ మెల్లగా వాయించాలి అన్న ప్రశ్నల్లో చాలావాటికి బాఖ్ స్వహస్తప్రతి జవాబు చెప్పదు. వ్యాఖ్యానం అవసరమయ్యేది అక్కడే.

చారిత్రక నేపథ్యం

ప్రెల్యూడ్ మొదట రాసుకునే రచన కాదు, అప్పటికప్పుడు కల్పించి వాయించేది. లూట్ వాద్యకారులు తీగల శ్రుతి సరిచూసుకుంటూ, వేళ్లకు వేడి పుట్టించుకుంటూ, తరువాత వచ్చే రచన ఏ స్వరం ఆధారంగా సాగుతుందో శ్రోతల చెవికి అందిస్తూ కొన్ని కార్డులను మీటేవారు. లూట్‌పై కార్డును ఒక్క దెబ్బలో కాక వేళ్లతో తీగ తరువాత తీగగా విప్పే అలవాటు 17వ శతాబ్దపు ఫ్రెంచ్ హార్ప్సికార్డ్ రచనలకు దిగి వచ్చింది.

ఇటలీలో గిరోలామో ఫ్రెస్కోబాల్డి 1615లో అచ్చయిన తన టొక్కాటాల ముందుమాటలో వాటి ఆరంభాలను నెమ్మదిగా, కార్డులను విప్పుతూ వాయించమన్నాడు. వాద్యం ఖాళీగా వినిపించకుండా కార్డులను మళ్లీ మళ్లీ మోగించవచ్చనీ చెప్పాడు. ఆర్పెజియో వెనుక ఉన్న ఆచరణాత్మక కారణం ఇదే. హార్ప్సికార్డ్ తీగ మీటగానే నాదం తగ్గిపోతుంది. కార్డును ఒకేసారి మోగించి వదిలితే క్షణాల్లో నిశ్శబ్దం ఆవరిస్తుంది. విడదీసి వాయిస్తే ఒక స్వరం తగ్గేలోగా మరొకటి పుడుతుంది.

ఫ్రాన్స్‌లో లూయీ కూపరిన్ (సుమారు 1626–1661) తాళ విభజన లేని ప్రెల్యూడ్లు రాశాడు. వాటిలో స్వరాలన్నీ ఒకే నిడివి గుర్తులతో ఉంటాయి, బార్ గీతలు ఉండవు. ఏ స్వరం ఎంతసేపు నిలవాలో పొడవాటి వంపు గీతలు సూచిస్తాయి, మిగతాది వాద్యకారుడి ఇష్టం. అతని దగ్గరి బంధువు ఫ్రాంస్వా కూపరిన్ 1716లో ప్రచురించిన హార్ప్సికార్డ్ వాదన గ్రంథంలో ప్రెల్యూడ్లను తాళబద్ధంగానే రాశాడు. అది బోధనకు సౌకర్యం కోసం మాత్రమేనని, తాళం కచ్చితంగా పాటించమని ప్రత్యేకంగా గుర్తు పెట్టని చోట తేలికగా, స్వేచ్ఛగా వాయించాలని వివరించాడు. కాగితం మీది తాళానికీ చేతిలోని తాళానికీ మధ్య ఉన్న ఈ ఎడం బాఖ్ ప్రెల్యూడ్ వాదనలోనూ తరచు చర్చకు వస్తుంది. జర్మన్ ప్రాంతాల్లో జె.సి.ఎఫ్. ఫిషర్ వేర్వేరు శ్రుతుల్లో ప్రెల్యూడ్, ఫ్యూగ్ జంటలను ‘అరియాడ్నే మ్యూజికా’ పేరుతో సంపుటంగా కూర్చాడు. బాఖ్ సంకలనానికి దాన్ని ముందడుగుగా పరిగణిస్తారు.

రచన, రాతప్రతులు

బాఖ్ 1720 జనవరి 22న కేథెన్‌లో పెద్ద కొడుకు విల్‌హెల్మ్ ఫ్రీడెమాన్ కోసం ఒక అభ్యాస పుస్తకం మొదలుపెట్టాడు. కొడుక్కి అప్పుడు తొమ్మిదేళ్లు. గమకాల పట్టిక, బాఖ్ స్వయంగా వేళ్ల సంఖ్యలు గుర్తించిన చిన్న పాఠం ఆ పుస్తకంలో ఉన్నాయి. తరువాత ‘వెల్-టెంపర్డ్’ మొదటి సంపుటంలో చేరిన పదకొండు ప్రెల్యూడ్ల తొలి రూపాలు కూడా అందులోనే కనిపిస్తాయి. సి మేజర్ ప్రెల్యూడ్ తొలి రూపం నేటి రూపం కంటే పొట్టిది. తుది రూపానికి వచ్చేసరికి బాఖ్ దాన్ని పొడిగించాడు. ప్రెల్యూడ్ పుట్టుక పాఠంగా జరిగిందన్న సంగతి వాయించేవారు గుర్తుంచుకోదగినది.

సంపూర్ణ సంపుటం శీర్షిక పేజీపై 1722 అని ఉంది. 24 మేజర్, మైనర్ శ్రుతుల్లో ఒక్కొక్క ప్రెల్యూడ్, ఫ్యూగ్ చొప్పున ఉన్న ఆ సంపుటం నేర్చుకోగోరే యువకుల కోసం, ఇప్పటికే నేర్చినవారి కాలక్షేపం కోసం అని బాఖ్ అదే పేజీలో పేర్కొన్నాడు. ఆయన స్వహస్తప్రతి బెర్లిన్ స్టేట్ లైబ్రరీలో ఉంది. భార్య ఆనా మాగ్దలేనా పేరిట 1725లో మొదలైన పుస్తకంలోనూ ఈ ప్రెల్యూడ్ కనిపిస్తుంది, అయితే ఆ ప్రతిలో 16 నుంచి 20 వరకు బార్లు లేవు. రెండు పేజీల్లో సరిపెట్టడానికి వదిలేసి ఉండవచ్చన్నది ఒక ఊహ. బాఖ్ బతికుండగా సంపుటం అచ్చు కాలేదు. చేతిరాత నకళ్ల ద్వారానే శిష్యుల నుంచి శిష్యులకు చేరి, 1801లో ముద్రణకు వచ్చింది.

నిర్మాణం: ఒకే అల్లిక

ఒక బార్‌లో నాలుగు మాత్రలు, మాత్రకు నాలుగు స్వరాల చొప్పున పదహారు స్వరాలు. మొదటి 32 బార్లలో ప్రతి బార్ రెండు సగాలుగా విడిపోతుంది, రెండో సగం మొదటి సగానికి యథాతథ పునరుక్తి. ఒక్కో సగంలో ఎడమచేయి రెండు స్వరాలు వాయిస్తుంది, కుడిచేయి మూడు స్వరాలను కింది నుంచి పైకి రెండుసార్లు మీటుతుంది. అంటే ప్రతి బార్ అయిదు స్వరాల కార్డ్, ఈ బార్లన్నిటా దాన్ని విప్పే తీరు ఒక్కటే.

ఎడమచేతి రాత ప్రత్యేకంగా గమనించదగినది. కింది మంద్ర స్వరం బార్‌లో సగం పాటు నిలవాలి. రెండో స్వరం దాని వెంటనే పుట్టి, ఆ సగం ముగిసేదాకా తానూ నిలవాలి. కుడిచేతి స్వరాలకు అలాంటి సూచన ఏదీ లేదు. ఎడమచేతి స్వరాలను ఇంత శ్రద్ధగా పట్టించడం వల్ల లయ అందడమే కాదు, రచనలోని రాపిడి చాలావరకు ఆ జంట స్వరాల్లోనే వినిపిస్తుంది. 2వ బార్‌లో సి, డి పక్కపక్కన నిలుస్తాయి. 8వ బార్‌లో బి, సి, 16వ బార్‌లో ఇ, ఎఫ్ అర్ధస్వరం దూరంలో ఒకదాన్ని ఒకటి ఒరుసుకుంటూ మోగుతాయి. వేలు తొందరపడి పైకి లేస్తే ఈ రాపిడి వినబడదు, కార్డ్ గుణం మారిపోతుంది.

స్వరసంబంధాల నడక

మొదటి నాలుగు బార్లు సి దగ్గర బయల్దేరి, రాపిడి గల రెండు కార్డుల మీదుగా మళ్లీ సి దగ్గరికే వస్తాయి. శ్రోతకు ఆధారస్వరం ఏదో స్థిరపరచడానికి అది చాలు. 5వ బార్‌లో పై స్వరం ఎ అందుకుంటుంది, రచనలోని అత్యున్నత స్వరం అదే. అక్కడి నుంచి మొత్తం అల్లిక నెమ్మదిగా కిందికి దిగుతుంది.

7 నుంచి 11 వరకు బార్లు జి దగ్గర స్థిరపడతాయి. 12, 14 బార్లలో డిమినిష్డ్ కార్డులు నిశ్చలతను చెదరగొడతాయి, 13, 15 బార్లు వాటిని శాంతపరుస్తాయి. 15 నుంచి 19 వరకు చూస్తే, 7–11 బార్ల ప్రయాణమే పంచమం దిగువన మళ్లీ జరిగినట్టు తేలుతుంది. 19వ బార్ సరిగ్గా మొదటి బార్ కార్డే, ఒక స్థాయి కింద. ఇంటికి చేరినట్టే ఉంటుంది గాని చేరిక అక్కడ పూర్తి కాదు, 20వ బార్‌లో బి ఫ్లాట్ వచ్చి దారి మళ్లిస్తుంది.

24 నుంచి 31 వరకు ఎనిమిది బార్ల పాటు మంద్రంలో జి కదలదు. పైన కార్డులు మారుతూ, ఆ నిలకడకు ఎదురు తిరుగుతూ, మళ్లీ దానితో ఏకమవుతూ ఉంటాయి. ఇలా నిలిచే మంద్ర స్వరాన్ని పెడల్ స్వరం అంటారు. మన కచేరీల్లోని తంబూర శ్రుతి లాగానే ఇదీ ఒకచోట నిలిచి ఉండేదే. తేడా ఏమిటంటే తంబూర విశ్రాంతిని ఇస్తుంది, ఇక్కడి జి శ్రోతలో ఎదురుచూపు పెంచుతుంది. 32వ బార్‌లో మంద్ర సి వస్తుంది, మొదటి బార్ తొలి స్వరం కంటే రెండు స్థాయిలు కింద, చివరి వరకు నిలిచి ఉంటుంది. 35 బార్లలో పన్నెండు బార్లు ఈ రెండు నిలకడల మీదే గడుస్తాయి.

33, 34 బార్లలో అల్లిక మారుతుంది. సగం బార్ పునరుక్తి ఆగిపోయి, విప్పే తీరు బార్ మొత్తానికి విస్తరించి, కుడిచేయి పైకి ఎగిసి కిందికి వాలుతుంది. 35వ బార్‌లో కార్డ్ ఒకేసారి మోగుతుంది. 64 సార్లు ఒకే తీరున విప్పిన తరువాత వచ్చే ఈ మార్పుకు ప్రత్యేకమైన ‘నెమ్మది’ సూచన అక్కర్లేదు, రాతలోనే నెమ్మది ఉంది.

సిద్ధాంతకర్త హైన్రిక్ షెంకర్ 1932లో ప్రచురించిన అయిదు చిత్రపటాల విశ్లేషణలో ఈ ప్రెల్యూడ్‌కు చోటిచ్చాడు. వందలాది స్వరాల కింద కొద్దిపాటి మెట్ల అవరోహణ ఎలా దాగి ఉందో చూపడం ఆయన ఉద్దేశం. ఆయన సిద్ధాంతం అంగీకరించినా లేకున్నా, ఆ పటం చూసి వాయించినవారికి బార్ బార్‌కూ ఆగి నడిచే అలవాటు తగ్గుతుంది.

22–23 బార్లు, ష్వెంకె బార్

21వ బార్‌లో మంద్రం ఎఫ్, 22లో ఎఫ్ షార్ప్, 23లో ఎ ఫ్లాట్, 24లో జి. ఎఫ్ షార్ప్ నుంచి ఎ ఫ్లాట్‌కు నేరుగా దూకి, దాటిపోయిన జికి వెనక్కి రావడం బాఖ్ కూర్పు. జి రెండువైపుల నుంచీ ముట్టడికి గురై ఆలస్యంగా దొరుకుతుంది. 23వ బార్‌లోని ఎ ఫ్లాట్, ఎఫ్, బి, సి, డి స్వరాల కలయిక రచనలోకెల్లా కరకుగా మోగేది. కుడిచేతిలో బి, సి, డి మూడూ పక్కపక్కనే ఉంటాయి.

ఈ దూకుడు 18వ శతాబ్దం చివరి చెవులకు అసమగ్రంగా తోచింది. హాంబర్గ్ సంగీతకారుడు సి.ఎఫ్.జి. ష్వెంకె (1767–1822) తన నకలులో 22, 23 బార్ల మధ్య మంద్ర జితో ఒక అదనపు బార్ చేర్చాడు. దాంతో ఎఫ్ షార్ప్, జి, ఎ ఫ్లాట్, జి అన్న నునుపైన మెట్లు వచ్చాయి. ముద్రిత ప్రతుల్లోకి అది పాకింది, కార్ల్ చెర్నీ 1837లో పరిష్కరించిన ప్రచురణలోనూ చోటు సంపాదించింది. షార్ల్ గూనో ఈ ప్రెల్యూడ్‌పై కూర్చిన, తరువాత ‘ఆవే మారియా’గా పేరుపొందిన రాగం కూడా 36 బార్ల రూపం మీదే నిలిచింది. అందువల్ల ‘ఆవే మారియా’ విని పెరిగిన వారికి బాఖ్ అసలు రచనే ఒక బార్ పోగొట్టుకున్నట్టు అనిపించడం సహజం.

ష్వెంకె బార్ బాఖ్‌ది కాదన్నది నేడు నిర్వివాదం, స్వహస్తప్రతి ఆధారంగా వచ్చే ప్రచురణలు దాన్ని వదిలేస్తాయి. పాత ప్రతి చేతిలో ఉన్నవారు చేయవలసిన పరీక్ష సులువు: మొత్తం 36 బార్లుంటే 23వది కొట్టేయాలి. దాని ప్రధాన లోపం సంగీతపరమైనదే. పెడల్ స్వరం కోసం బాఖ్ దాచిపెట్టిన జిని అది ముందే ఖర్చు చేసేస్తుంది.

వాద్యం, శ్రుతి

శీర్షికలోని ‘క్లావియర్’ ఒక వాద్యం పేరు కాదు, మీటలున్న వాద్యాలన్నిటికీ వర్తిస్తుంది. హార్ప్సికార్డ్‌లో చిన్న ఈక ముక్క తీగను మీటుతుంది, వేలి బలం పెంచినా శబ్దం పెరగదు. క్లావికార్డ్‌లో ఇత్తడి రేకు తీగను తాకి ఆనుకునే ఉంటుంది. శబ్దం చిన్నదే గాని వేలి ఒత్తిడికి తగ్గట్టు పెరుగుతుంది, తరుగుతుంది. బాఖ్‌కు క్లావికార్డ్ అంటే ఎక్కువ మక్కువ అని 1802 నాటి జీవితచరిత్రలో యొహాన్ నికొలాస్ ఫోర్కెల్ రాశాడు, ఆ మాటను తరువాతి పండితులు కొందరు ఆచితూచి తీసుకున్నారు. పియానో అప్పటికే ఇటలీలో పుట్టింది. బాఖ్ 1747లో పోట్స్‌డామ్‌లో జిల్బర్‌మాన్ పియానోలను వాయించాడు గాని మొదటి సంపుటం వాటి కోసం రాసింది కాదు.

శ్రుతి విషయంలో ‘వెల్-టెంపర్డ్’ అంటే పన్నెండు అర్ధస్వరాలూ సమానంగా ఉండే నేటి పియానో శ్రుతే కానక్కర్లేదు. ఆండ్రెయాస్ వెర్క్‌మైస్టర్ వంటివారు 17వ శతాబ్దం చివర ప్రతిపాదించిన పద్ధతుల్లో అన్ని శ్రుతులూ వాడుకోదగినవే, కాని అన్నీ ఒకేలా మోగవు. సి మేజర్ వంటి తెల్లమీటల శ్రుతులు నిర్మలంగా, నల్లమీటలు ఎక్కువైనకొద్దీ కాస్త కరకుగా వినిపిస్తాయి. అలాంటి శ్రుతిలో మొదటి బార్ నిర్మలత్వం, 12, 14, 23 బార్ల కరకుతనం మరింత ఎడంగా తెలుస్తాయి. 2005లో బ్రాడ్లీ లేమన్ శీర్షిక పేజీ మీది మెలికల అలంకారంలోనే బాఖ్ శ్రుతి పద్ధతి దాగి ఉందని ప్రతిపాదించాడు. దాని మీద వివాదం చల్లారలేదు. (చూడండి: శ్రుతి పద్ధతులు, సమశ్రుతి)

వాదనలో తలెత్తే ప్రశ్నలు

వేగం: స్వహస్తప్రతిలో వేగసూచన లేదు. అదే సంపుటంలో తరువాత వచ్చే సి మైనర్ ప్రెల్యూడ్ చివర బాఖ్ వేగ మార్పులు స్పష్టంగా రాశాడు కనుక, ఇక్కడి మౌనం మరుపు కాదనుకోవచ్చు. చెర్నీ ప్రచురణ చురుకైన వేగాన్ని సూచించింది. బేతోవెన్ వాయించగా తాను విన్న జ్ఞాపకం తన పరిష్కరణకు ఒక ఆధారమని అతను చెప్పుకున్నాడు. 20వ శతాబ్దపు పియానో వాద్యకారులు చాలామంది నెమ్మదిగా, ధ్యానముద్రలో వాయించారు. హార్ప్సికార్డ్‌పై మరీ నెమ్మదిగా పోతే నాదం తగ్గిపోతుంది. వేగం నిర్ణయించేది స్వరాల సంఖ్య కాదు, కార్డ్ మారే గడువు. బార్‌కు ఒక కార్డ్ మారడం చెవికి ప్రయాణంగా తోచాలి, పదహారు ముక్కలుగా తోచకూడదు.

స్వరాన్ని పట్టి ఉంచడం: కుడిచేతి స్వరాలను రాసినంత నిడివికే వదలాలా, కార్డ్ అయ్యేదాకా పట్టి ఉంచాలా అన్నది ప్రధానమైన భేదాభిప్రాయం. హార్ప్సికార్డ్ వాద్యకారులు వేళ్లను మీటల మీదే ఉంచి నాదాన్ని పోగుచేయడం తరచు చేసేదే, పియానో కుడి పెడల్ చేసే పనిలో కొంత అప్పుడు వేళ్లే చేశాయి. రెండో పక్షం బాఖ్ ఎడమచేతికి మాత్రమే పట్టు రాశాడు కాబట్టి కుడిచేయి తేలికగా, విడివిడిగా ఉండాలంటుంది. రెండూ సమర్థించుకోదగినవే. అయితే ఏ పక్షమైనా ఎడమచేతి పట్టును విస్మరించడం రాతకు విరుద్ధం.

పునరుక్తి: ప్రతి బార్ రెండో సగాన్ని మొదటిదానికి ప్రతిధ్వనిలా మెల్లగా వాయించడం పాఠశాలల్లో పాత అలవాటు. 32 బార్లలో 32 ప్రతిధ్వనులు విసుగు తెప్పిస్తాయి, నడక తెగిపోతుంది. రాపిడి గల కార్డ్ రెండో సగంలో తరువాతి కార్డ్ వైపు వంగుతుంది, స్థిరమైన కార్డ్ రెండో సగంలో సేద తీరుతుంది. కార్డ్ స్వభావాన్ని బట్టి మారడమే మేలైన దారి.

పెడల్: పియానోపై కార్డ్ మారిన ప్రతిచోటా పెడల్ మార్చడం కనీస నియమం. సగం బార్‌కొకసారి మార్చేవారూ, అసలు వాడనివారూ ఉన్నారు. మంద్రానికి దిగిన 21–24 బార్లలో పెడల్ ఎక్కువైతే రాపిడి బురదగా మారుతుంది.

శబ్దస్థాయి: బాఖ్ ఏ సూచనా ఇవ్వలేదు. పాత ప్రచురణల్లో కనిపించే మెల్లగా మొదలై పెరిగి తగ్గే వంపులు సంపాదకులవి. హార్ప్సికార్డ్‌లో ఆ పని చేసేది కాలం: కరకు కార్డ్ ముందు రవ్వంత ఆగడం, విశ్రాంతి కార్డ్‌లోకి నెమ్మదిగా దిగడం. పియానోపై వాయించేవారు కూడా ఈ సాధనాన్ని ముందు అలవరచుకుంటే, గట్టి-మెల్ల తేడాలు తక్కువతో సరిపోతాయి.

పై స్వరం: కుడిచేతి చివరి స్వరాలన్నిటినీ కలిపితే పంక్తి ఒకటి ఏర్పడుతుంది. దాన్ని చిటికెనవేలితో తాటించి పాటలా వినిపించడం పియానో వాద్యకారుల ప్రలోభం, గూనో ప్రభావం దాన్ని పెంచింది. కాని 5 నుంచి 24 వరకు నడిపించేది మంద్రమే, పై పంక్తి దాన్ని అనుసరించి దిగుతుంది.

సాధన క్రమం

సంప్రదాయ బోధనలో మొదటి మెట్టు విప్పిన స్వరాలను మూసి, ప్రతి బార్‌నూ అయిదు స్వరాల కార్డ్‌గా ఒకేసారి వాయించడం. అప్పుడు చేతి ఆకారం, కార్డుల వరస రెండూ కలిసి గుర్తుంటాయి. రెండో మెట్టులో మంద్ర స్వరాలను మాత్రమే పాడుతూ పైవాటిని వాయిస్తారు. తరువాతే రాసిన అల్లిక. కుడిచేతికి 5వ బార్ ఒక స్థాయి మేర చాపు అడుగుతుంది. చిన్న చేతులవారు మణికట్టును పక్కకు వాల్చి అందుకోవాలి గాని వేళ్లను సాగదీయకూడదు. కంఠస్థం చేసేటప్పుడు తప్పులు ఎక్కువగా దొర్లేది 25 నుంచి 31 వరకు, ఎందుకంటే మంద్రం మారదు, 26–27 జత 30–31గా మళ్లీ వస్తుంది. 28లోని ఇ ఫ్లాట్, ఎఫ్ షార్ప్ అక్కడ ఆనవాళ్లు.

ధ్వనిముద్రణలు

ఎడ్విన్ ఫిషర్ 1933–36 మధ్య పియానోపై రెండు సంపుటాలనూ రికార్డు చేశాడు, సంపూర్ణ రికార్డుల్లో అదే మొదటిది. వాండా లాండోవ్‌స్కా 1949 నుంచి 1954 వరకు అమెరికాలో ఆధునిక ప్లేయెల్ హార్ప్సికార్డ్‌పై రికార్డు చేసింది. రాల్ఫ్ కర్క్‌ప్యాట్రిక్ క్లావికార్డ్‌పై కూడా రికార్డు చేయడం వాద్యం మారితే ఎంత మారుతుందో చూపింది. గ్లెన్ గూల్డ్ 1960ల తొలినాళ్ల రికార్డులో కుడిచేతి స్వరాలు కొన్నిటిని తెంచి వాయించి, ఏకరీతి ప్రవాహం అన్న అలవాటును ప్రశ్నించాడు. స్వియాతోస్లావ్ రిక్టర్ 1970లో ఆస్ట్రియాలో చేసిన రికార్డు పూర్తిగా ఎదుటి కొసలో, మెత్తని ప్రతిధ్వని నిండి ఉంటుంది. 1977లో వాయేజర్ నౌకలతో అంతరిక్షానికి వెళ్లిన స్వర్ణ ఫలకంలో గూల్డ్ వాయించిన సి మేజర్ ప్రెల్యూడ్ ఉందన్న మాట నిజమే గాని అది రెండో సంపుటంలోనిది, బి.డబ్ల్యు.వి. 870. ఈ రెంటినీ కలిపేయడం పత్రికల్లో తరచు కనిపించే పొరపాటు.

తరువాతి రూపాలు, సన్నిహిత రచనలు

గూనో 1853లో ఈ ప్రెల్యూడ్‌ను ఆధారంగా చేసుకుని వాద్యరాగం ప్రచురించాడు, 1859లో దానికి లాటిన్ ప్రార్థన పాఠం జతపడింది. తరాల తరబడి పెళ్లిళ్లలో, అంత్యక్రియల్లో ప్రెల్యూడ్‌ను జనం విన్నది ఆ తోడురాగం కిందే. షోపెన్ 1839లో అచ్చయిన 24 ప్రెల్యూడ్లు, షొస్టకోవిచ్ 1950–51లో రాసిన 24 ప్రెల్యూడ్, ఫ్యూగ్ జంటలు బాఖ్ సంపుటాన్ని తలచుకునే పుట్టాయి. షోపెన్ మొదటి ఎత్యూద్ కూడా సి మేజర్‌లోనే, విప్పిన కార్డులతోనే సాగుతుంది.

ఇదే పద్ధతిలో వాయించి పోల్చుకోదగిన రచనలు బాఖ్‌లోనే ఉన్నాయి. మొదటి చెల్లో సూట్ ప్రెల్యూడ్ (బి.డబ్ల్యు.వి. 1007) ఒకే వాద్యం నాలుగు తీగలతో కార్డులను ఎలా విప్పుతుందో చూపుతుంది. క్రొమాటిక్ ఫాంటసీ (బి.డబ్ల్యు.వి. 903)లో కొన్నిచోట్ల కార్డులు మాత్రమే రాసి, ఆర్పెజియో అన్న మాటతో విప్పే పని వాద్యకారుడికి అప్పగించాడు. హాండెల్ బి ఫ్లాట్ మేజర్ సూట్ ప్రెల్యూడ్‌లోనూ అలాంటి చోట్లున్నాయి. సి మేజర్ ప్రెల్యూడ్ అల్లిక చేతికి పట్టుబడ్డ విద్యార్థి ఆ కార్డులను తానే విప్పడానికి పూనుకోవడం బరోక్ బోధనలో తరువాతి మెట్టు. (చూడండి: ఆర్పెజియో, తాళరహిత ప్రెల్యూడ్, ఫ్యూగ్, పెడల్ స్వరం)